చేలో తీసిన ఫోటో... చేతిలో ఆధారం
పాత డిజిటల్ కెమెరాను పంటకు వాడుకోవడం ఎలా?

పత్తి ఆకు ముడుచుకుంటుంది. మిరప పూత రాలిపోతుంది. రైతు ఒక కొమ్మ విరిచి సంచిలో వేసుకుని బండి మీద మందుల కొట్టుకు వెళ్తాడు. అక్కడికి చేరేసరికి ఆకు వాడిపోయి రంగు మారుతుంది, దాని మీదున్న పురుగు దారిలోనే రాలిపోతుంది. కొట్టులో ఆ వాడిన కొమ్మను చూసి రెండు మూడు డబ్బాలు చేతిలో పెడతారు. తెగులుకు పురుగుమందు, నల్లికి దోమ మందు కొట్టి డబ్బు పోగొట్టుకున్నవారు ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

చెట్టును చేలో ఉన్నది ఉన్నట్టుగా నిపుణుడికి చూపించగలిగితే ఈ తిప్పలు చాలావరకు తగ్గుతాయి. అందుకు ఖరీదైన సామాను అక్కర్లేదు. 2000 తర్వాత వచ్చిన చిన్న డిజిటల్ కెమెరాలు మన పల్లెల్లో చాలా ఇళ్ల బీరువాల్లో ఊరికే పడి ఉన్నాయి. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో తెచ్చినవి కొన్ని, పెళ్లిళ్లకని కొన్నవి కొన్ని. పెన్సిల్ సెల్లు వేస్తే అవి ఇప్పటికీ పనిచేస్తాయి. మంచి సెల్‌ఫోను ఉంటే దానితోనూ ఈ పని చేయవచ్చు. లేనివారు, ఉన్న ఫోనును మందు కొట్టేచోటికి తీసుకెళ్లడం ఇష్టంలేనివారు ఈ పాత కెమెరాను చేనుకు కేటాయించుకోవచ్చు.

పత్తి చేలల్లో ముందే జరిగింది

మొదటి డిజిటల్ కెమెరాను 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేశారు. దాని బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. జేబులో పట్టే కెమెరాలు సామాన్యుల చేతికి రావడానికి ఆ తర్వాత పాతికేళ్లు పట్టింది.

ఆ చిన్న కెమెరా సేద్యానికి ఎలా పనికొస్తుందో మన తెలుగు నేల మీదే పరీక్షించి చూశారు. 2004లో హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ ‘ఈ-సాగు’ అనే పథకాన్ని మొదలుపెట్టింది. వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలోని మూడు ఊళ్లలో 1051 పత్తి చేలను ఎంచుకున్నారు. చదువుకున్న స్థానిక యువకులు ఆ చేలకు క్రమం తప్పకుండా వెళ్లి డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీసి, పైరు వివరాలు రాసుకునేవారు. అప్పట్లో పల్లెల్లో ఇంటర్నెట్ అంతంతమాత్రం. అందుకని ఫోటోలను సీడీలోకి ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు. అక్కడ వ్యవసాయ నిపుణులు చూసి, ఏ చేనుకు ఏం చేయాలో విడివిడిగా సలహా రాసి పంపేవారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. రైతు వచ్చి అడిగేదాకా వాళ్లు ఆగలేదు. పైరును క్రమం తప్పకుండా చూశారు కనుక తేడా మొదట్లోనే తెలిసేది. ఆ పద్ధతిని ఎవరి చేలో వారు పాటించవచ్చు.

కొనేముందు చూసుకోవలసినవి

ఇంట్లో ఉన్నదాన్నే బయటికి తీయండి. లేకపోతే సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి. దీనికోసం అప్పు చేయవద్దు.

• పెన్సిల్ సెల్లుతో నడిచే కెమెరా అయితే మేలు. ప్రత్యేక బ్యాటరీ ఉండే పాత మోడళ్లకు ఇప్పుడు ఆ బ్యాటరీ దొరకడం కష్టం.

• ఎస్‌డీ కార్డు పట్టేది చూడండి. ఎక్స్‌డీ కార్డు, మెమరీ స్టిక్ వాడే కెమెరాలకు కార్డులు దొరకవు. 2006కు ముందు వచ్చిన కెమెరాలు చాలావరకు 2 జీబీకి మించిన కార్డును గుర్తించవు. 32 జీబీ కార్డు వేసి ‘కెమెరా చెడిపోయింది’ అనుకోకండి.

• 3 మెగాపిక్సెల్ ఉన్నా మన పనికి చాలు. అంకె పెద్దదని ఎక్కువ డబ్బు పెట్టకండి. పువ్వు బొమ్మ ఉన్న బటన్ ఉందో లేదో ముఖ్యంగా చూడండి. దగ్గరి వస్తువులు తీయడానికి అదే ఆధారం.

• సెల్లు పెట్టే అర తెరిచి చూడండి. తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకుని ఉంటే వద్దు. లెన్సు సాఫీగా బయటికొచ్చి లోపలికి వెళ్లాలి. అక్కడే రెండు ఫోటోలు తీసి చూశాకే డబ్బులివ్వండి.

మామూలు సెల్లు పాత కెమెరాల్లో త్వరగా అయిపోతాయి. రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, ఛార్జరు ఒకసారి కొనుక్కుంటే వందల సార్లు వాడుకోవచ్చు. కొత్త సెల్లు, పాత సెల్లు కలిపి వేయవద్దు. పని లేని రోజుల్లో సెల్లు తీసి పక్కన పెట్టండి. కొన్ని కెమెరాల్లో సెల్లు తీస్తే తేదీ పోతుంది. కాబట్టి చేలోకి వెళ్లే ప్రతిసారీ తేదీ, టైము సరిచూసుకోండి. తేదీ తప్పు ఉన్న ఫోటో రేపు అవసరానికి మీకే ఎదురు తిరుగుతుంది.

ఫోటో తీసే పద్ధతి

ఉదయం ఏడు నుంచి తొమ్మిది గంటల మధ్య వెలుతురు బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం ఆకు తెల్లగా మెరిసి మచ్చలు కనిపించవు. తప్పనిసరైతే తువ్వాలో గొడుగో అడ్డుపెట్టి ఆకు మీద నీడ పడేట్లు చూడండి. దగ్గర నుంచి తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేయండి.

పువ్వు గుర్తు నొక్కి, జూమ్ వాడకుండా కెమెరానే ఆకు దగ్గరకు తీసుకెళ్లండి. బటన్ సగం నొక్కి ఆగండి. పచ్చ లైటు నిలకడగా వెలిగాక పూర్తిగా నొక్కండి. మసకగా వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం ఈ సగం నొక్కుడు తెలియకపోవడం వల్లే. గాలికి ఆకు ఊగుతుంటే కాడను ఒక చేత్తో పట్టుకోండి, మోచేతులు ఒంటికి ఆనించండి.

ప్రతి సమస్యకూ కనీసం ఐదు ఫోటోలు ఉండాలి.

1. పలక మీద తేదీ, ఊరు, సర్వే నంబరు, పంట, రకం, పైరు వయసు రాసి, దాన్ని చేలో పెట్టి ఒకటి.
2. చేను మొత్తం కనిపించేలా గట్టు మీద నుంచి ఒకటి. సమస్య అక్కడక్కడా ఉందా, అంతటా ఉందా అన్నది ఇందులో తేలుతుంది.
3. దెబ్బతిన్న చెట్టు, పక్కనే బాగున్న చెట్టు కలిసి ఒకటి.
4. ఆకు పైభాగం ఒకటి.
5. ఆకు అడుగుభాగం ఒకటి. పక్కన రూపాయి బిళ్ల పెడితే పురుగు సైజు తెలుస్తుంది.

ఏ పైరులో ఏం చూపించాలి?

మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే తెల్లనల్లి అని అనుమానించాలి. రెండింటికీ మందులు వేరు. కాబట్టి ముడత ఎటువైపు ఉందో తెలిసేలా చెట్టును పక్క నుంచి తీయండి.

2021-22లో మన మిరప తోటలను నల్ల తామర పురుగు ఎంత దెబ్బతీసిందో మీకు చెప్పనక్కర్లేదు. ఇది పూలలో దాక్కుంటుంది. పువ్వును తెల్ల కాగితం మీద దులిపి, ఆ కాగితాన్ని ఫోటో తీయండి. పురుగు మిల్లీమీటరు అంతే ఉంటుంది కనుక ఫోటోలో నల్ల నలుసులా కనిపిస్తుంది. ఒక్కో పువ్వుకు ఎన్ని రాలాయో లెక్కపెట్టి రాసుకోండి.

పత్తిలో గులాబీ రంగు పురుగుకు గుర్తు గుడ్డిపూలు. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పువ్వును అలాగే ఒకటి, రేకులు విప్పి లోపలి పురుగుతో ఒకటి తీయాలి. కాయల దశలో 20 పచ్చి కాయలు కోసి వరుసగా పేర్చి తీయండి. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రోజులు రోజుకు 8 రెక్కల పురుగులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు. బుట్టలో పడినవాటిని రోజూ ఫోటో తీస్తే లెక్క మరచిపోరు.

పత్తి ఆకు ఎర్రబడితే తొందరపడకండి. అంచులు పసుపు, ఎరుపు తిరిగి కిందికి ముడుచుకుంటే పచ్చదోమ కావచ్చు. ముదురాకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం ఎర్రబడితే మెగ్నీషియం లోపం కావచ్చు. ఎర్రబడ్డది ముదురాకా, లేతాకా అన్నది ఫోటోలో తెలియాలి.

చెట్లు వడలిపోతుంటే ఒకదాన్ని పీకి, వేరు పైన కాండాన్ని నిలువుగా చీల్చి తీయండి. లోపల గోధుమరంగు చారలుంటే ఎండు తెగులు అయ్యే అవకాశం ఎక్కువ. వాన తర్వాత ఒక్కసారిగా వడలి, లోపల శుభ్రంగా ఉంటే అది నీటి ఒత్తిడి వల్ల వచ్చిన వడలుడు కావచ్చు.

ఫోటో ఒక్కటే చాలదు. ఇప్పటిదాకా ఏయే మందులు, ఎరువులు, ఏ తేదీన, ఎంతెంత వేశారో చెప్పకపోతే ఏ శాస్త్రవేత్త అయినా సగం సమాధానమే ఇవ్వగలరు. ఆ వివరాలు కాగితం మీద రాసి దాన్నీ ఫోటో తీసేయండి.

ఎవరికి చూపించాలి?

ముందు ఊళ్లోని రైతు సేవా కేంద్రం సిబ్బందికి చూపించండి. అక్కడ తేలకపోతే గుంటూరు పక్కన లాంలోని పరిశోధనా స్థానం ఉంది, ప్రకాశం రైతులకు దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. 2004 నుంచి నడుస్తున్న కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఫోటో ముందు పెట్టుకుని మాట్లాడితే లక్షణాలు తడబడకుండా చెప్పగలుగుతారు.

కార్డు రీడరుతో ఫోటోలను ఫోనులోకి ఎక్కించుకోవచ్చు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ‘ఫోటో’గా కాక ‘డాక్యుమెంట్’గా పంపండి. లేకపోతే ఫోటో చిక్కిపోయి మచ్చలు చెరిగిపోతాయి. నెట్ సెంటరులో కార్డు ఇచ్చేటప్పుడు దాని పక్కనున్న చిన్న మీటను ‘లాక్’ వైపు జరిపి ఇవ్వండి. ఫోటోలు చెరిగిపోవు, వైరస్ ఎక్కదు.

నష్టం జరిగినప్పుడు

విత్తనం మొలవలేదు, మొలిచినా కల్తీ చెట్లు వచ్చాయి, కాపు లేదు... ఇలాంటప్పుడు రైతు మాటకు రుజువు ఏది అని అడుగుతారు. అందుకని విత్తిన రోజు నుంచే మొదలుపెట్టండి. ప్యాకెట్ ముందు, వెనుక, లాట్ నంబరు, బిల్లు ఫోటో తీయండి. అసలు ప్యాకెట్, బిల్లు కూడా దాచండి. చేలో ఒకచోట కర్ర పాతి, వారానికొకసారి అక్కడే నిలబడి అదే వైపు ఫోటో తీయండి. ఇరవై వారాలకు ఇరవై ఫోటోలు. పైరు కథ మొత్తం అందులో ఉంటుంది.

తేడా కనిపించగానే వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకుని, చేను తనిఖీ చేయించండి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని మన రాష్ట్రం నుంచి వెళ్లిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నష్టం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

అయితే డిజిటల్ ఫోటోను కోర్టు ఊరికే నమ్మదు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం దానికి ధ్రువపత్రం జతచేయాలి. ఏ కెమెరాతో తీశారో అందులో రాయాలి. కాబట్టి గొడవ ఉన్న ఫోటోల కార్డును చెరపకుండా పక్కన పెట్టి వేరే కార్డు వాడండి. కెమెరాను అమ్మేయకండి. ఫోటోలో ఏమీ దిద్దకండి.

ఫసల్ బీమాలో వడగళ్ల వంటి స్థానిక నష్టం జరిగితే 72 గంటల్లోగా తెలియజేయాలి. మీ పంట ఏ బీమా కిందకు వస్తుందో సీజను మొదట్లోనే రైతు సేవా కేంద్రంలో అడిగి రాసుకోండి. వాన వెలిసిన వెంటనే ఫోటో తీయడం మంచిదే. కానీ ఫోటో తీసి ఊరుకుంటే చాలదు, గడువులో కబురు అందాలి. మీ ఫోటో ఈ-పంట నమోదుకు బదులు కాదు. కౌలు రైతులకు మరో మాట. చేలో మీరు నిలబడిన ఫోటో సాగు హక్కుకు పత్రం కాదు, సీసీఆర్‌సీ కార్డు కోసం అడగడం మానవద్దు.

యార్డుకు మిరప వేసేటప్పుడు టిక్కీలను, కాయ నాణ్యతను కల్లంలోనే ఫోటో తీసి ఉంచండి. ఎరుపు రంగును కెమెరా ఎక్కువ చేసి చూపిస్తుంది. పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తే రంగు తేడా పోల్చుకోవచ్చు. రేటు మాత్రం ఫోటోను చూసి కాదు, కాయను చూసే వేస్తారు.

కెమెరా జాగ్రత్తలు

మందు కొట్టిన చేతులతో కెమెరా ముట్టుకోవద్దు. సబ్బుతో కడుక్కున్నాకే పట్టుకోండి. పిల్లలు తీసుకునే వస్తువని గుర్తుంచుకోండి. కల్లంలో కారం దుమ్ము లెన్సులోకి చేరితే మళ్లీ తెరుచుకోదు. పని అయ్యాక వెంటనే సంచిలో పెట్టండి. లెన్సు మీద దుమ్మును ముందు రబ్బరు బుడ్డితో ఊది, తర్వాత మెత్తని గుడ్డతో తుడవండి. భుజం మీది కండువాతో తుడిస్తే గీతలు పడతాయి. వానాకాలంలో మూత గట్టి డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు వేసి దాచండి.

ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి. ఆదివారం ఉదయం అరగంట చాలు. 1980లలో తెల్లదోమ, నిన్నమొన్న నల్ల తామర పురుగు మన చేలను పట్టినప్పుడు మొదటి వారం గుర్తించలేక నష్టపోయినవారే ఎక్కువ. ఈ వారం ఫోటోను పోయిన వారం ఫోటో పక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ముందు అడగండి, ఆ తర్వాతే మందు కొనండి.