పక్కన పాలీహౌస్ టమోటా, షెడ్డులో పట్టుపురుగు



కోలారు, చిక్కబళ్ళాపురం, హోసూరు వైపు మల్బరీ తోట గట్టు దాటితే టమోటా పాలీహౌస్ కనబడే ఊళ్ళున్నాయి. రెండూ పెట్టిన ఇళ్ళూ ఉన్నాయి. చిక్కేమిటంటే, టమోటాను తొలిచే పురుగూ మనం మేపే పురుగూ రెండూ రెక్కల పురుగు పిల్లలే. దాన్ని చంపే మందు దీన్నీ చంపుతుంది.

టమోటాకు పెద్ద బెడద టూటా. ఊజి ఈగ మాదిరే ఇదీ బయటి నుంచి వచ్చినదే. పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన దేశంలో 2014లో మహారాష్ట్రలో మొదట కనిపించింది. ఆకు పొరల మధ్య దూరి పచ్చదనం తినేస్తుంది, కాయకు సూదిబెజ్జం పెడుతుంది. దీనికి తోడు ఆకుముడత వైరస్ మోసే తెల్లదోమ, తామర పురుగు.

*బయో అంటే భయం లేదా?*

అంగడిలో "ఇది బయో మందు, ఏమీ కాదు" అంటారు. మనిషికీ పశువుకూ సరే, పట్టుపురుగు సంగతి వేరు. బీటీ పొడిలో ఉండే సూక్ష్మజీవిని 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రజ్ఞుడు కనుక్కున్నది చచ్చిన పట్టుపురుగుల్లోనే. బ్యువేరియా కూడా అంతే. 1835లో ఇటలీలో బాసీ అనే ఆయన సున్నకట్టు రోగానికి కారణమని చూపించిన బూజు అదే. అంటే మన షెడ్డు జబ్బులే అక్కడ మందు డబ్బాలో అమ్ముతున్నారు. వేప మందు పడిన ఆకునూ పురుగు సరిగ్గా తినదు, జ్వరం సరిగ్గా లేవదు.

ఇక ఇమామెక్టిన్, స్పైనోసాడ్, క్లోరాంట్రానిలిప్రోల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి చెప్పనక్కరలేదు. గాలికి కొట్టుకొచ్చిన కాస్త తుంపర చాలు, పంట పోతుంది.

*మందు తగ్గించే దారి*

ఊజికి మనం షెడ్డుకు వల కట్టి, రెండు తలుపులు పెడతాం కదా. పాలీహౌస్‌కూ అదే సూత్రం.

• అంగుళానికి 40–50 కళ్ళుండే వల. చిరుగు కనబడిన రోజే కుట్టాలి. తలుపులు రెండు, ఒకటి మూశాకే రెండోది తెరవాలి.
• నారు వల కింద పెంచిందే తేవాలి. నాటే ముందు ఆకు తిప్పి చూడాలి.
• తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, తామర పురుగుకు నీలం అట్టలు, టూటాకు లింగాకర్షక బుట్టలు. బుట్టలో రెక్కల పురుగు పెరిగిందంటే అది హెచ్చరిక.
• తొలిచిన ఆకు, బెజ్జం పడిన కాయ గిల్లి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఎండలో పెట్టాలి. గట్టు మీద పారేస్తే మళ్ళీ లోపలికే వస్తుంది.
• పంట అయిపోయిన చెట్లు వెంటనే పీకేయాలి.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి మందు తప్పదు. అప్పుడు పొరుగు రైతుతో ముందే మాట్లాడుకోవాలి. మన షెడ్డులో పురుగు నాలుగో జ్వరం లేచిందా, గూడు కడుతోందా అన్నది ఆయనకు తెలిస్తే కదా రోజు మార్చుకునేది? గాలి మన తోట వైపు లేని పూట కొట్టమని అడగాలి. రెండూ మీవే అయితే టమోటా పంపును మల్బరీకి వాడొద్దు. మందు కొట్టిన మనిషి స్నానం చేసి, బట్టలు మార్చకుండా ఆకు కోయకూడదు, షెడ్డులోకి రాకూడదు.

*అనుమానం వస్తే*

గట్టు పక్క సాళ్ళ ఆకు కోసి 20–30 పురుగులకు విడిగా వేసి, ఒక రోజు చూడండి. తల ఎత్తి ఊపడం, నోట నీళ్ళు కక్కడం, ఒళ్ళు మెలితిరగడం, మేత మానడం కనిపిస్తే ఆ సాళ్ళ ఆకు పడకలకు వేయొద్దు. ఇప్పటికే వేసి ఉంటే ఆ ఆకు తీసేసి, కిటికీలు తెరిచి, వేరే తోట ఆకు వేయండి.

పక్క పాలీహౌస్ అన్నకు ఈ మెసేజ్ పంపండి. ఆయన శత్రువు కాడు. టూటాతో ఆయనకూ నిద్ర లేదు. వల బాగుంటే ఆయన మందు ఖర్చు తగ్గుతుంది, మన గూళ్ళు మార్కెట్‌కు చేరతాయి.