బోటులో ల్యాప్‌టాప్ టీవీ: ఒడ్డునే రెడీ చేసుకోండి

రేపల్లె దగ్గరి నిజాంపట్నం హార్బర్ నుంచి ఇంట్లోవాళ్లతో వేటకు వెళ్తూ ల్యాప్‌టాప్ పట్టుకెళ్తున్నారా? తీరం దూరమయ్యే కొద్దీ 4జీ సిగ్నల్ తగ్గుతూ పోతుంది. లైవ్ మ్యాచ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మరి డీడీ ఫ్రీ డిష్? మామూలు డిష్ కదలకుండా ఒకే శాటిలైట్ వైపు ఉండాలి. అలలకి ఊగే చిన్న బోటులో అది కుదరదు.

అందుకే తెనాలి, బాపట్లల్లో వైఫై దొరికినచోటే సినిమాలు డౌన్‌లోడ్ చేసుకోండి. ఫ్లైట్ మోడ్ పెట్టి ఒకసారి ప్లే చేసి చూడండి.

ఛార్జింగ్‌కి 12 వోల్టుల యూఎస్‌బీ-సీ కార్ ఛార్జర్ చాలు. ఇన్వర్టర్ కంటే కరెంటు వృథా తక్కువ. కానీ ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీకి మాత్రం తగిలించొద్దు, వేరే బ్యాటరీ వాడండి. సినిమా అయ్యేసరికి అది దిగిపోతే నడిసముద్రంలో ఇంజిన్ స్టార్ట్ కాదు. క్లైమాక్స్ రేపైనా చూడొచ్చు, ముందు ఒడ్డుకి రావాలి కదా!