ఏరితేనే విలువ : వాడిన ఆట ఇటుకల వ్యాపారం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వాడిన ఆట ఇటుకలకు విలువ ఎందుకు ఉంటుందో చెప్పగలుగుతారు.
• వాటిని ఏ వరుసలో వేరుచేయాలో, ఎందుకో వివరించగలుగుతారు.
• వేరుచేసే పనిని ఎక్కడ ఆపాలో లెక్కవేయగలుగుతారు.

1. పరిచయం

మిరప కల్లంలో కూలీలు తాలుకాయలు ఏరి పక్కకు పోయడం మీరు చూసే ఉంటారు. కాయలు అవే, చేను అదే. అయినా ఏరిన సరుకుకూ ఏరని సరుకుకూ ఒకే ధర పలకదు. కొనేవాడు చేయవలసిన పనిని అమ్మేవాడు ముందే చేసిపెట్టాడు. పెరిగిన ధర ఆ పనికి దక్కిన ప్రతిఫలం.

ఇదే సూత్రం పిల్లల ఆటవస్తువులకు కూడా వర్తిస్తుంది. యూరప్, అమెరికా దేశాలలో ఎంతోమంది ఇళ్ళలో మిగిలిపోయిన ప్లాస్టిక్ ఆట ఇటుకలను కుప్పగా కొని, ఏరి, తిరిగి అమ్ముతారు. వాటిలో అందరికీ తెలిసినవి డెన్మార్క్ దేశపు లెగో ఇటుకలు.

2. పాత ఇటుకకు విలువ ఎందుకు?

ఓలే కిర్క్ క్రిస్టియన్సన్ అనే వడ్రంగి 1932లో డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊరిలో కొయ్యబొమ్మల తయారీ ప్రారంభించాడు. లెగో సంస్థకు అదే మొదలు. ఈనాడు మనం చూసే ఇటుకకు 1958లో పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. దాని పైభాగాన బొడిపెలు, లోపల గొట్టాలు ఉంటాయి. ఒక ఇటుక బొడిపెలు మరొక ఇటుక అడుగున బిగుతుగా కూర్చుంటాయి. ఆ కొలతలు నేటికీ మారలేదు. అందువల్ల తాతగారు ఆడుకున్న ఇటుక మనవడి ఇటుకకు అతుకుతుంది.

రెండో కారణం కూడా ఉంది. చాలా సెట్లను కొన్నేళ్ళే తయారుచేసి ఆపేస్తారు. ఆ తరువాత ఒక ముక్క పోతే, దానికోసం పాతవాటిలో వెతకవలసిందే. ఇలాంటివారి కోసం 2000 సంవత్సరంలో డేనియల్ జెజెక్ ఇంటర్నెట్‌లో ఒక సంత ప్రారంభించాడు. దాని పేరు బ్రిక్‌లింక్. అక్కడ ఒక్కొక్క ముక్కను కూడా విడిగా కొనవచ్చు. 2019లో లెగో సంస్థ దానిని కొనుగోలు చేసింది.

3. వేరుచేసే వరుస

మొదటి మెట్టు: పరాయివి తీసివేయడం. పాత కుప్పలో పెన్సిళ్ళు, గోళీలు, నాణేలు కూడా దొరుకుతాయి. ఇతర కంపెనీల ఇటుకలూ కలిసి ఉంటాయి. బొడిపెను దగ్గరగా చూడండి. అసలు ఇటుక ప్రతి బొడిపెపైనా లెగో అనే పేరు చిన్న అక్షరాలతో ఉబ్బెత్తుగా ఉంటుంది. పగిలినవీ, పళ్ళగాట్లు పడినవీ కూడా ఇప్పుడే పక్కన పెట్టాలి.

రెండో మెట్టు: విలువైనవి ఏరడం. చిన్న మనిషి బొమ్మలు, చక్రాలు, కిటికీలు, తలుపులు ముందుగా తీయండి. మనిషి బొమ్మలు 1978 నుండి వస్తున్నాయి. వీటిని విడిగా సేకరించేవారు ఎందరో ఉన్నారు. టోపీ, జుట్టు, చేతిలోని పనిముట్టు వంటివి కుప్ప అడుగున దొరుకుతాయి. అవి జతపడితేనే బొమ్మకు పూర్తి ధర వస్తుంది.

మూడో మెట్టు: కడగడం. సబ్బు కలిపిన గోరువెచ్చని నీరు చాలు. వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే ముక్కలు వంకరపోయే ప్రమాదం ఉంది. నీడలో ఆరబెట్టండి. ఎండ తగిలితే తెల్లవి, బూడిదరంగువి క్రమంగా పసుపుబారుతాయి. మోటార్లను నీటిలో ముంచకూడదు. కాగితం స్టిక్కర్లు ఉన్నవాటిని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

నాలుగో మెట్టు: ఆకారాన్ని బట్టి వేరుచేయడం. ఇక్కడే కొత్తవారు పొరబడతారు. రంగులు కంటికి ఇంపుగా కనిపిస్తాయి కనుక ముందు ఎర్రవన్నీ ఒకచోట, నీలివన్నీ ఒకచోట పోస్తారు. ఎర్రటి రాశిలో ఒక చిన్న ఎర్రముక్క కోసం వెతికి చూడండి. అన్నీ ఎరుపే కనుక కన్ను దేనిమీదా నిలవదు. అదే ఆకారం గల ముక్కలు రకరకాల రంగులలో ఉంటే, కావలసిన రంగు చూడగానే దొరుకుతుంది. కాబట్టి ముందు ఆకారం, తరువాత రంగు. చాలా ముక్కల లోపలివైపు ఆకారాన్ని తెలిపే సంఖ్య కూడా ఉంటుంది. ఉదాహరణకు, రెండు వరుసలలో నాలుగేసి బొడిపెలున్న ఇటుక సంఖ్య 3001.

రంగు చూసేటప్పుడు పగటి వెలుతురులో చూడండి. లెగో సంస్థ 2004 ప్రాంతంలో తన బూడిదరంగులను కొంచెం నీలిఛాయకు మార్చింది. పాత బూడిద అడిగినవారికి కొత్తది పంపితే సరుకు తిరిగివస్తుంది.

4. పనిని ఎక్కడ ఆపాలి?

లెక్క సులువుగా ఉండటానికి రూపాయలలో ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక కుప్పను రూ. 3,000కు కొన్నారనుకోండి.

(అ) ఒక గంట పనితో, ఉన్నదున్నట్లుగా అమ్మితే రూ. 3,500 వస్తుంది. మిగిలేది రూ. 500.
(ఆ) మరో 8 గంటలు ఏరి, కడిగి అమ్మితే రూ. 5,500 వస్తుంది. అదనంగా వచ్చింది రూ. 2,000. అంటే గంటకు రూ. 250.
(ఇ) ఇంకో 30 గంటలు కూర్చుని ప్రతి ఆకారాన్నీ, ప్రతి రంగునూ విడదీసి అమ్మితే రూ. 7,000 వస్తుంది. అదనంగా వచ్చింది రూ. 1,500. అంటే గంటకు రూ. 50.

మొత్తం చూస్తే మూడో పద్ధతిలోనే ఎక్కువ మిగిలింది. కాని ఆ చివరి 30 గంటలలో మీ శ్రమకు దక్కింది గంటకు 50 రూపాయలే. ఆ సమయంలో వేరే పని చేసి అంతకన్న ఎక్కువ సంపాదించగలిగితే, రెండో మెట్టు దగ్గరే ఆగడం మంచిది. చాలామంది సరుకు ధర రాసుకుంటారు, తమ గంటలను రాసుకోరు. ఇంట్లో కూర్చుని చేసే పని కూడా పనే. దాన్నీ లెక్కలో వేయాలి.

5. కొనేవారికి చెప్పవలసినవి

ఇతర కంపెనీల ముక్కలు కలిసి ఉంటే ఆ మాట చెప్పాలి. సెట్టులో ఏది తక్కువైందో, ఏది పసుపుబారిందో రాయాలి. చిన్న ముక్కలు పసిపిల్లల గొంతులో అడ్డుపడతాయి. కాబట్టి మూడేళ్ళలోపు పిల్లలకు అవి తగవని చెప్పడం అమ్మేవారి బాధ్యత.

మీరు నేర్చుకున్నవి

• కొలతలు మారకపోవడం వల్ల పాత ఇటుకకు విలువ నిలుస్తుంది.
• ముందు ఆకారాన్ని, తరువాత రంగును బట్టి వేరుచేయాలి.
• ప్రతి మెట్టులో అదనపు రాబడిని అదనపు గంటలతో భాగించి చూడాలి.

పాఠ్యగత ప్రశ్నలు

1. ముందు రంగును బట్టి వేరుచేస్తే వచ్చే ఇబ్బంది ఏమిటి?
2. ఒకరు మరో 5 గంటలు ఏరినందువల్ల రాబడి రూ. 2,400 నుండి రూ. 3,000కు పెరిగింది. అదనపు శ్రమకు గంటకు ఎంత దక్కింది?
3. మీకు తెలిసిన ఏదైనా పాత వస్తువుల వ్యాపారంలో ఏరడం వల్ల ధర ఎలా పెరుగుతుందో ఐదు వాక్యాలలో రాయండి.

జవాబులు: 1. ఒకే రంగు రాశిలో కావలసిన ఆకారం కంటికి ఆనదు. 2. రూ. 120. 3. మీ అనుభవం నుండి రాయండి.