సముద్రతీరమున ఉచితపు రాత్రిబస

విద్యార్థులారా, న్యూజీలండు దేశమున వాహనమునే యిల్లుగా జేసికొని, సముద్రపుటొడ్డున రుసుము లేక రాత్రి బస చేయు వాడుక కలదు. దీనికై 2011వ సంవత్సరమున చట్ట మేర్పడెను. 2023వ సంవత్సరపు మార్పు ననుసరించి, స్థానిక పాలకసంఘముల భూములయందు వాహనములో బస చేయువారు, సంఘము వేరుగా ననుమతించిన స్థలములం దప్ప, ధ్రువపత్రము పొందిన వాహనమునే వాడవలెను.

అట్టి వాహనమున మూడు దినములకు చాలిన సదుపాయము లుండవలెను: మనిషి యొక్కనికి 12 లీటర్ల మంచినీరు, వాడిన నీటిని నిలుపు తొట్టి, మూతగల చెత్తడబ్బా, వాహనమునకు బిగింపబడిన మరుగుదొడ్డి. పడక పరచియున్నను ఆ మరుగుదొడ్డిని లోపలనే వాడుకొన వీలుండవలెను. నిండిన తొట్లను నిర్ణీతస్థలముననే ఖాళీ చేయవలెను.

ఇంత కట్టుదిట్ట మేల? ఆలిచిప్పలు సముద్రజలమును వడగట్టి యాహారము గైకొనును. కావున నీట గలిసిన మాలిన్యము వానిలో జేరి, తినువారికి వ్యాధి గలిగింపగలదు. ఒకరాత్రి యతిథి మరునాడు వెడలిపోవును. ఆ యూరివారి బిడ్డలు మాత్ర మచ్చటనే యీదులాడుదురు. తీరము చెడినచో సంఘమువారు బసను నిషేధింపవచ్చును. అప్పుడు నియమము పాటించినవారును నష్టపోవుదురు.

పాళెము శుభ్రముగా నుండవలెనని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయమునను విధింపబడియున్నది. ఉచితముగా లభించిన స్థలమును మన వెనుక వచ్చువానికి శుభ్రముగా నప్పగించుటయే దానికి మనము చెల్లించు వెల.