నక్షత్రం ఎందుకు కడతారు?

పిల్లలూ! చలికాలంలో నూజివీడు మామిడితోటలు చూశారా? డిసెంబరు, జనవరి నెలల్లో కొమ్మల చివర పూత వస్తుంది. ఒక్కొక్క గుత్తిలో వందలకొద్దీ పూలుంటాయి. కాని వాటిలో చాలామట్టుకు రాలిపోతాయి. ఈగలూ, తేనెటీగలూ పుప్పొడి చేరవేసిన పూలలో ఏ కొన్నో పిందెలు కట్టి, వేసవికి రసాలవుతాయి.

ఈ పూత రోజుల్లోనే క్రిస్మస్ వస్తుంది. ఇళ్ళముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. కొత్త బట్టలు, అరిసెలు, కేకులు, కీర్తనలు - అంతా సందడే! ఈ సందడి పూత వంటిది. పండుగ అర్థం ఇంట్లో నిలిచినప్పుడే అది కాయ అవుతుంది.

ఏమిటా అర్థం? బైబిలు కథ ఇది: యోసేపు, మరియ బేత్లెహేము చేరేసరికి సత్రంలో చోటు లేదు. మరియ తన బిడ్డ యేసును పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. ఆ శుభవార్త మొట్టమొదట రాజులకు గాక, రాత్రివేళ మందను కాస్తున్న గొర్రెల కాపరులకు తెలిసింది. తరువాత తూర్పుదేశపు జ్ఞానులు ఒక నక్షత్రాన్ని చూసి, బిడ్డను వెతుక్కుంటూ వచ్చారు. దేవుడు పేదవాడుగా మనుషుల మధ్యకు వచ్చాడని క్రైస్తవుల విశ్వాసం. ఇంటిముందు కట్టే నక్షత్రం ఆ జ్ఞానులకు దారి చూపిన నక్షత్రానికి గుర్తు.

ఈ కథను జనం మరిచిపోకుండా పూర్వులు ఎన్నో ఉపాయాలు చేశారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో ఫ్రాన్సిస్ అనే సాధువు తొట్టిలో గడ్డి పరిపించి, ఎద్దునూ గాడిదనూ తెప్పించి, క్రిస్మస్ రాత్రి ఆరాధన జరిపించాడు. తొట్టిలో పుట్టటమంటే ఎంత పేదరికమో జనం కళ్ళారా చూశారు. నేడు మన ఇళ్ళలో పెట్టే పశువులపాక బొమ్మ అలాంటిదే.

మన తెలుగునాట కూడా ఇటువంటి గుర్తు ఒకటి వున్నది. 1912లో దోర్నకల్లు బిషప్పు అయిన అజరయ్య అక్కడ భారతీయ శిల్పరీతిలో గొప్ప దేవాలయం కట్టించాడు. అది 1939లో ప్రతిష్ఠ అయింది. దానికి ‘ఎపిఫనీ’ అని పేరు. నక్షత్రం చూసి జ్ఞానులు వచ్చిన సంగతిని తలచుకునే పండుగే ఎపిఫనీ.

మరి ఇంట్లో మనమేం చెయ్యాలి? పెద్దలు నక్షత్రం కట్టేముందు దాని కథ చెప్పాలి. పాకబొమ్మ ముందు అందరూ కూర్చుని, చదవటం వచ్చిన పిల్లవాడిచేత లూకా సువార్తలోని ఆ ఘట్టం చదివించాలి. సత్రంలో చోటు దొరకని కథ విన్నవాళ్ళు, వండిన పిండివంటల్లో మొదటి పళ్ళెం పండుగ చేసుకోలేని ఇంటికి పంపాలి. రాత్రంతా మంచులో తోట కాసే కాపలావాడు ఆనాటి గొర్రెల కాపరివంటివాడే గదా!

మీ ఇంట ఈ పండుగ లేకపోతే, పొరుగింటి స్నేహితుణ్ణి అడిగి ఆ కథ చెప్పించుకోండి. మీ ఇంట వుంటే, ఈసారి నక్షత్రం కట్టేటప్పుడు మీ చెల్లెల్నో తమ్ముణ్ణో అడగండి: “ఇది ఎందుకు కడుతున్నామో చెప్పు, చూద్దాం!” చెప్పలేకపోతే, ఆ పూటే మీరు చెప్పండి.