మెలకువగా ఉండగానే మెదడు ఆపరేషన్!

ఆపరేషన్ అంటే మత్తిచ్చి పడుకోబెడతారని మనకు తెలుసు. కానీ మనిషి మాట్లాడుతుండగానే మెదడుకు ఆపరేషన్ చేస్తారంటే నమ్ముతారా? 2024లో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకామెకు ‘అదుర్స్’ సినిమా చూపిస్తూ మెదడులో గడ్డ తీశారు.

మరి నొప్పి పుట్టదా? తల చర్మానికి మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తారు. లోపలి మెదడుకు అసలు నొప్పే తెలియదు. చిత్రం కదూ! మన ఒంటి నొప్పులన్నీ తెలుసుకునేది అదే.

మెలకువ ఎందుకంటే, చాలామందికి మాట మెదడు ఎడమవైపున ఉంటుంది. కుడి చేయి, కుడి కాలు ఆడించేదీ ఎడమవైపే. గడ్డ ఆ పక్కనే ఉంటే, కొంచెం ఎక్కువ కోసినా మాట పడిపోవచ్చు. ఆ చోటు అందరికీ ఒకేలా ఉండదు, చూస్తే తెలియదు. అందుకని డాక్టరు అక్కడక్కడ సన్నగా కరెంటు తాకిస్తారు. బొమ్మ చూపించి పేరడుగుతారు, “వేళ్లు ఆడించమ్మా” అంటారు. మాట ఆగితే ఆ చోటు ముట్టుకోరు. కెనడాలో పెన్‌ఫీల్డ్ అనే డాక్టరు 1930లలోనే ఇలా మెదడు పటం తయారుచేశారు.

అంటే రోగి చెప్పే జవాబే డాక్టరుకు దారి!

ఒక్క మాట. మెదడులో గడ్డ ఉంటే ఫిట్స్ రావచ్చు. ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టి ఊరుకోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే వార్డెన్ గారికి చెప్పండి.