గినీపిగ్ తిండి మానేసిందా? రేపటిదాకా ఆగొద్దు!

కుక్కకి ఒంట్లో బాగోకపోతే మూలుగుతుంది. గినీపిగ్ మాత్రం బయటపడదు. నీరసంగా కనిపిస్తే వేటాడే జంతువులకి దొరికిపోతుంది కాబట్టి, జబ్బుని దాచుకోవడం దీనికి పుట్టుకతో వచ్చిన గుణం. మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే రాజమండ్రిలో దీన్ని పెంచేవాళ్లు ఈ నాలుగు సంగతులూ గుర్తుపెట్టుకోవాలి.

ఎండతో జాగ్రత్త

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మన దగ్గర మే నెలలో 40 దాటడం మామూలే, పైగా ఉక్కపోత! బాల్కనీ, రేకుల గది అస్సలు వద్దు. ఇంట్లో చల్లటి గదిలో పెట్టండి. ఓ మట్టికుండని పక్కకి పడుకోబెడితే అందులో దూరి సేదతీరుతుంది. గడ్డకట్టిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టినా మంచిదే. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా, చొంగ కారుస్తున్నా వడదెబ్బే. చెవులు, పాదాలు మామూలు నీళ్లతో తడిపి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లు మాత్రం పోయకండి.

గడ్డే అసలు భోజనం

దీని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి, కడుపూ బాగుంటుంది. వరిగడ్డి మనకి ఎక్కడైనా దొరుకుతుంది కానీ అందులో పోషకాలు తక్కువ. ఆన్‌లైన్‌లో దొరికే తిమోతి ఎండుగడ్డి మేలు. పచ్చి గరిక కూడా పెట్టొచ్చు. అయితే మందు కొట్టిన పొలాల దగ్గర, కడియం నర్సరీల పక్కన కోసుకురావద్దు. అన్నం, బిస్కెట్లు, పాలు, ఉల్లి, వెల్లుల్లి వద్దే వద్దు.

రోజూ విటమిన్ సి

మనలాగే దీని ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు. అది అందకపోతే కీళ్లు వాచి, చిగుళ్లు పాడై నడవలేకపోతుంది. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. ఓ చిన్న క్యాప్సికమ్‌లో పావు ముక్క, కాస్త కొత్తిమీర పెడితే సరిపోతుంది. జామకాయలో సి బోలెడు, కానీ తీపి కాబట్టి వారానికి రెండుసార్లు చిన్న ముక్క చాలు. నీళ్లలో కలిపే చుక్కల మందుని నమ్ముకోవద్దు, దాని బలం త్వరగా తగ్గిపోతుంది.

వారానికోసారి తూకం

వంటింటి త్రాసు మీద తూచి ఫోన్‌లో రాసుకోండి. బరువు తగ్గుతూ వస్తుంటే ఏదో తేడా ఉన్నట్టే. పూటంతా తినకపోయినా, పెంటికలు వేయడం ఆగినా అది అత్యవసరమే. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ లాంటి మాత్రలు వేయకండి. కడుపులోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణమే పోవచ్చు. గినీపిగ్‌లని చూసే పశువైద్యుడు ఎక్కడున్నారో ఇవాళే కనుక్కుని నంబర్ దాచుకోండి.

బాగా చూసుకుంటే ఐదారేళ్లు మీతో ఉంటుంది. పొద్దున్నే రెండు నిమిషాలు దాని గిన్నె చూడండి, గడ్డి తగ్గిందో లేదో చూడండి. అది నోరు విప్పి చెప్పదు, మనమే కనిపెట్టాలి.